దత్తపదా? నిషిద్ధాక్షరా? – కంప్యూటరు ప్రోగ్రాముకు వరుస ఆదేశాలు అందించే పద్ధతులు

అష్టావధాన సభలను చూచినవారికి దత్తపదికీ, నిషిద్ధాక్షరికీ గల భేదం తెలుసు. దత్తపదిలో పృచ్ఛకుడు నాలుగు పదాలనూ, వస్తువునూ ఒకేసారి ఇచ్చి కూర్చుంటాడు. ఆ తరువాత అతనికి పని లేదు. కావలిస్తే ఆ పదాలను కాగితంమీద వ్రాసి పంపి, తాను సభకు రాకపోయినా అవధానం సాగుతుంది. నిషిద్ధాక్షరి అటువంటిది కాదు. అవధాని ఒక అక్షరం పలుకుతాడు. దానిని విని, తరువాత రాదగిన అక్షరాన్ని ఊహించి, పృచ్ఛకుడు దానిని నిషేధిస్తాడు. అవధాని మరొక దారి వెదుకుతాడు. ముందురోజు రాత్రి ఇంట్లో కూర్చుని నిషేధాల జాబితా తయారుచేసుకొని రావడం ఇక్కడ కుదరదు. ప్రతి నిషేధమూ అంతకు ముందు వినిపించిన అక్షరంపై ఆధారపడి ఉంటుంది.

కంప్యూటరుతో పనిచేసేవారికి ఈ భేదం నిత్యమూ ఎదురవుతుంది. కొన్ని ప్రోగ్రాములు మనతో సంభాషిస్తూ పనిచేస్తాయి. తెరపై ఒక చిన్న గుర్తు చూపి ఆగుతాయి. మనం ఒక ఆదేశాన్ని టైపు చేస్తే దానిని నిర్వర్తించి, జవాబు చెప్పి, మళ్ళీ ఆ గుర్తు చూపి ఎదురుచూస్తాయి. ఇటువంటి వాటిని సంవాద ప్రోగ్రాములు అందాం. లెక్కలు చేసే బీసీ, ఫైళ్ళను ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి చేరవేసే ఎఫ్‌టీపీ, సమాచారనిధులను ప్రశ్నించే మైసీక్వెల్ వంటివి ఈ కోవకు చెందినవి. ఒకటి రెండు ఆదేశాలైతే మనమే కూర్చుని టైపు చేయవచ్చు. అదే పనిని వందసార్లు, కొద్దిపాటి మార్పుతో చేయవలసివస్తే మనిషికి విసుగు పుడుతుంది. విసుగులో తప్పులు దొర్లుతాయి. అప్పుడు ఆ ఆదేశాలను మన తరఫున ఒక షెల్ స్క్రిప్టు అందించేటట్లు ఏర్పాటు చేస్తాం. ఆ స్క్రిప్టు దత్తపది ఇచ్చే పృచ్ఛకుడా, నిషిద్ధాక్షరి పృచ్ఛకుడా అన్నదే ఈ వ్యాసంలో వివరించదలచిన విషయం. ఈ రెంటికీ తేడా గమనించక నేను చేసిన ఒక పొరపాటును కూడా దాచకుండా చెబుతాను.

గొట్టాల కల్పన

యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థకు 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు పునాది వేశారు. దానిలో ప్రతి ప్రోగ్రాముకూ పుట్టుకతోనే మూడు ద్వారాలు ఉంటాయి. సున్నా సంఖ్య గల ద్వారం నుంచి ప్రోగ్రాము చదువుకుంటుంది. ఒకటవ ద్వారం గుండా ఫలితాలు వెలువరిస్తుంది. రెండవ ద్వారం తప్పులను చెప్పుకోవడానికి. సాధారణంగా మొదటి దానికి కీబోర్డు, మిగిలిన రెంటికీ తెర తగిలించి ఉంటాయి. ప్రోగ్రాముకు మాత్రం తన ద్వారానికి అవతల ఉన్నది మనిషా, ఫైలా, మరొక ప్రోగ్రామా అన్న పట్టింపు సాధారణంగా ఉండదు.

తోటకు నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టాలను ఒకదానికొకటి తగిలించినట్లుగా ప్రోగ్రాములనూ తగిలించగలగాలని అదే ప్రయోగశాలలో పనిచేసిన డగ్ మెకిల్‌రాయ్ 1964లోనే సూచించారు. 1973లో థాంప్సన్ ఆ ఊహను యూనిక్స్‌లో నిజం చేశారు. దానినే పైపు అంటాము. ఆదేశాల మధ్య ఒక నిలువుగీత గీస్తే చాలు, ఎడమవైపు ప్రోగ్రాము పలికినది కుడివైపు ప్రోగ్రాముకు వినిపిస్తుంది. 1979లో ఏడవ కూర్పు యూనిక్స్‌తో వచ్చిన స్టీఫెన్ బోర్న్ షెల్లులో లూపులు కూడా ఉన్నాయి. షెల్లు అంటే మనం ఇచ్చే ఆదేశాలను అందుకొని ప్రోగ్రాములను నడిపే మధ్యవర్తి. లూపు అంటే చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయించే ఆవృత్తి. లూపునూ పైపునూ కలిపితే మన పని నెరవేరుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకటి నుంచి వంద వరకు గల అంకెల వర్గమూలాలు కావాలి. లూపు లోపల, ఒక్కొక్క అంకెకూ 'దీని వర్గమూలం కనుక్కో' అనే పంక్తిని పలికించి, ఆ పంక్తిని అక్కడే పైపు ద్వారా బీసీకి ఇవ్వవచ్చు. ఫలితం వస్తుంది. కానీ ఈ పద్ధతిలో బీసీ వందసార్లు పుట్టి, ఒక్కొక్క లెక్క చేసి, వందసార్లు గతిస్తుంది. లెక్కకంటే దాని జననమరణాలకే ఎక్కువ సమయం పడుతుంది. దీనికి బదులు లూపు ముగింపును తెలిపే 'డన్' అనే మాట తరువాత నిలువుగీత ఉంచితే కథ మారుతుంది. లూపు మొత్తం వంద పంక్తులు పలుకుతుంది. అవతల ఒకే ఒక బీసీ కూర్చుని వరుసగా వంద లెక్కలూ చేస్తుంది. లూపు ముగియగానే గొట్టం మూసుకుంటుంది. ఇక వచ్చేది లేదని గ్రహించి బీసీ తనంతట తానే విరమిస్తుంది. గీత ఉన్న చోటు మారిందంతే. దూరాన ఉన్న యంత్రంలోకి ప్రవేశించవలసిన ఎఫ్‌టీపీ వంటి వాటి విషయంలో ఈ తేడా మరీ కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. ఐదు వందల ఫైళ్ళు తేవడానికి ఐదు వందల సార్లు తలుపు తట్టి, పేరూ సంకేతపదమూ చెప్పుకోవడం ఎక్కడ? ఒక్కసారి లోపలికి వెళ్ళి అన్నిటినీ తెచ్చుకోవడం ఎక్కడ?

బోర్న్ షెల్లులోనే మరొక సదుపాయం ఉంది. స్క్రిప్టులో రెండు 'తక్కువ' గుర్తులు, వాటి పక్కన ఒక ముగింపు మాట వ్రాసి, ఆ కింది పంక్తులలో ఆదేశాలను వ్రాసుకుంటూ పోయి, చివర ఆ ముగింపు మాటను ఒంటరిగా ఒక పంక్తిలో వ్రాస్తే, నడుమ ఉన్నదంతా ప్రోగ్రాముకు చేరుతుంది. దీనిని హియర్ డాక్యుమెంటు అంటారు. క్రొత్తగా నేర్చుకునేవారు ఇందులో ఒక పొరపాటు చేస్తుంటారు. ఆ నడుమనే లూపు వ్రాసి, షెల్లు దానిని తిప్పుతుందని ఆశిస్తారు. ఆ నడుమ ఉన్నది ఉత్తరంలోని పాఠం వంటిది. చరరాశుల చోట వాటి విలువలను నింపడం వంటి చిన్న పనులు షెల్లు చేస్తుంది గాని, లూపును నడపదు. ఆ మాటలను ఉన్నవి ఉన్నట్లు అవతలి ప్రోగ్రాముకు పంపుతుంది. పాపం ఆ ప్రోగ్రాము అవేమిటో తెలియక తెల్లబోతుంది. లూపు కావాలంటే దానిని బయటనే ఉంచి, దాని పలుకులను పైపులోకి వదలాలి.

ఒకే విస్తరిలో ఇద్దరు

లూపులకు సంబంధించి మరొక చిక్కు ఉన్నది. పది యంత్రాల పేర్లు ఒక ఫైలులో ఉన్నాయి. లూపు ఒక్కొక్క పంక్తినీ చదివి, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఆ యంత్రంలోకి వెళ్ళి ఒక పని చేసి రావాలి. నడిపితే మొదటి యంత్రంలో మాత్రమే పని జరిగి లూపు ఆగిపోతుంది. తప్పు జరిగినట్లు ఒక్క మాటా కనిపించదు. కారణం ఏమంటే, లూపు చదువుతున్న ద్వారమూ, లోపలి ఎస్‌ఎస్‌హెచ్ చదివే ద్వారమూ ఒక్కటే. అవతలి యంత్రంలో ఎవరికైనా కావలసి రావచ్చునని ఎస్‌ఎస్‌హెచ్ మిగిలిన తొమ్మిది పేర్లనూ తానే తీసుకుంటుంది. ఒకే విస్తరి ముందు ఇద్దరు కూర్చుంటే చేయి వేగంగా ఆడేవాడికే భోజనం దక్కుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు 'నీవు చదువవద్దు' అని చెప్పే 'ఎన్' అనే సూచిక ఉన్నది. దానిని చేర్చినా, దాని ద్వారాన్ని శూన్య ఫైలుకు తగిలించినా చిక్కు విడిపోతుంది.

వినని పృచ్ఛకుడు

ఇంతవరకు చెప్పినదంతా దత్తపది పద్ధతే. మన స్క్రిప్టు ఆదేశాలన్నిటినీ గొట్టంలోకి వదులుతుంది. అవతలి ప్రోగ్రాము వాటిని ఒక్కొక్కటిగా చదువుకొని జవాబులు చెబుతుంది. ఆ జవాబులు తెరమీదకో, ఒక ఫైలులోకో పోతాయి. స్క్రిప్టు వాటిని వినదు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు అని మనకు సామెత ఉన్నది. ఇక్కడ శంఖం ఊదేవాడే చెవిటివాడు.

జవాబులు లేక కాదు. ఎఫ్‌టీపీ సంప్రదాయాన్నే చూడండి. దాని తొలి రూపాన్ని 1971లో ప్రతిపాదించినవారు మన దేశీయుడైన అభయ్ భూషణ్. కాన్పూరు ఐఐటీలో చదివి, అమెరికాలోని ఎమ్‌ఐటీకి వచ్చినవారు. 1985లో స్థిరపడిన సంప్రదాయం ప్రకారం అవతలి యంత్రం ప్రతి ఆదేశానికీ మూడంకెల సంఖ్యతో బదులిస్తుంది. 230 అంటే లోపలికి రానిచ్చాను. 250 అంటే అడిగిన పని పూర్తయింది. 226 అంటే ఫైలు చేరింది. 550 అంటే అడిగినది జరగలేదు. మొదటి అంకె రెండైతే సఫలం, నాలుగైతే ప్రస్తుతానికి వీలుకాదు, ఐదైతే విఫలం. ఇంత చక్కగా చెబుతున్నా, గొట్టం ద్వారా ఆదేశాలు పోసే స్క్రిప్టు ఆ మాట ఆలకించకుండానే తరువాతి ఆదేశాన్ని ఎప్పుడో వదిలేసి ఉంటుంది.

నా పొరపాటు ఇక్కడే జరిగింది. కొన్నేళ్ళ క్రితం మా సంఘం పండుగల ఫోటోలను అద్దె సర్వరులో భద్రపరచే బాధ్యత నాకు అప్పగించారు. 'ఫోటోలు' అనే డైరెక్టరీలో 1994 నుంచి 2009 వరకు ఒక్కొక్క సంవత్సరానికి ఒక్కొక్క అర. చిన్న సైజు ఫోటోలను తీసివేసి, క్రొత్తగా స్కాన్ చేసిన పెద్దవాటిని పెట్టాలి. లూపు వ్రాశాను. ప్రతి సంవత్సరానికీ నాలుగు ఆదేశాలు: ఆ సంవత్సరం అరలోకి వెళ్ళు, అక్కడున్న ఫైళ్ళన్నీ తుడువు, క్రొత్తవి పంపు, ఒక మెట్టు పైకి రా. ప్రతి ఫైలుకూ 'తుడవమంటారా?' అని అడగకుండా ఆ ప్రశ్నను కూడా ముందే ఆపివేశాను. లూపు పలుకులను ముందుగా తెరమీద చూసుకున్నాను. ఒక్క అక్షరం తప్పు లేదు. రాత్రి నడిపి నిద్రపోయాను.

అంతకు కొద్దిరోజుల ముందే మా కార్యకర్త ఒకరు మంచి ఉద్దేశంతో 2001 అర పేరుకు ఉత్సవం పేరు చేర్చారు. 2000 వరకు అంతా సవ్యంగా సాగింది. 2001 అరలోకి వెళ్ళమంటే, అటువంటిది లేదని 550తో జవాబు వచ్చింది. వినేవారు లేరు. తరువాతి ఆదేశం 'ఫైళ్ళన్నీ తుడువు'. మేము ఇంకా 'ఫోటోలు' డైరెక్టరీలోనే ఉన్నాము. అక్కడి ఫైళ్ళన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. తరువాత 'ఒక మెట్టు పైకి రా'. ఇప్పుడు మేమున్నది సర్వరు మొదటి మెట్టు. అక్కడ 2002 అనే అర ఎలా ఉంటుంది? మళ్ళీ 550, మళ్ళీ తుడుపు. ఈసారి పోయినవి సంఘం వెబ్‌సైటు ముఖపుటలు. 2002 ఫోటోలు అక్కడ చేరాయి. అంతకు పైన మెట్టు లేదు కనుక 2003 వంతు వచ్చేసరికి 2002 ఫోటోలు తుడుచుకుపోయాయి. 2004 వంతు రాగానే 2003వి. ఇలా చివరకు మొదటి మెట్టులో 2009 ఫోటోలు మాత్రమే మిగిలాయి. తుడిచే ఆదేశం ఫైళ్ళకే వర్తిస్తుంది, డైరెక్టరీలకు కాదు. అందువలన మిగిలిన అరలు బ్రతికాయి. తెల్లవారి చూస్తే ప్రోగ్రాము ఏ లోపమూ లేకుండా ముగిసినట్లే చెప్పింది. లోపలి ఆదేశాలు విఫలమైనా, చాలా పాత ఎఫ్‌టీపీ ప్రోగ్రాములు చివరకు సఫలమనే చెబుతాయి.

ముఖపుటలను తిరిగి వ్రాసుకున్నాము. క్రొత్త స్కాన్‌లు నా దగ్గరే ఉన్నాయి. 'ఫోటోలు' డైరెక్టరీలో నేరుగా ఉన్నవి మాత్రం, ఏ సంవత్సరానివో తెలియక, అరల్లో పెట్టకుండా ఉంచిన పాత ఫోటోలు. తొలిరోజులలో ఎవరి ఇళ్ళలోనో జరిగిన ఉగాదులు, బేస్‌మెంటులో బాలల నాటకాలు, ఆ తరువాత మన మధ్య లేకుండా పోయిన పెద్దలు అందులో ఉన్నారు. సభ్యులను అడిగి కొన్ని తిరిగి సంపాదించాము. కొన్ని దొరకలేదు.

ఉత్తరం వ్రాసే పద్ధతి

ఈ అనుభవం తరువాత నేను పాటిస్తున్న నియమాలు కొన్ని చెబుతాను. మొదటిది, వినకుండా పంపే ఆదేశాలలో ఏ ఒక్కటీ తన ముందుదాని విజయంపై ఆధారపడకూడదు. 'అరలోకి వెళ్ళు, అన్నీ తుడువు' అనడానికి బదులు, మొదటి మెట్టు నుంచి పూర్తి చిరునామాతో 'ఫోటోలలోని 2001లో ఉన్నవాటిని తుడువు' అని ఒకే ఆదేశంగా వ్రాసి ఉంటే, ఆ అర లేనప్పుడు ఆ ఆదేశం వట్టిపోయేది. మరెక్కడా హాని జరిగేది కాదు. 'పైకి రా' వంటి, ఉన్నచోటును బట్టి అర్థం మారే మాటలను లూపులో వాడరాదు. లూపులో తప్పు ఒకచోట ఆగదు; ప్రతి ఆవృత్తీ దానిని మరొక మెట్టు దూరం మోసుకుపోతుంది.

రెండవది, ముందుగా తెరమీద చూసుకోవడం మంచిదే గాని చాలదు. దానివలన ఉత్తరంలోని తప్పులు తెలుస్తాయి. అవతలి ఇంటిలో జరిగిన మార్పులు తెలియవు.

మూడవది, మొదటి వైఫల్యం దగ్గరే ఆగిపొమ్మని ప్రోగ్రాముకు చెప్పగలిగితే తప్పక చెప్పాలి. ఎఫ్‌టీపీలో సంకేతపదం కూడా ఏ మరుగూ లేకుండా తీగపై ప్రయాణిస్తుంది. ఆ ప్రమాదానికి విరుగుడుగా 1995లో ఫిన్లాండులో టాటు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను రూపొందించారు. ఆ కుటుంబానికి చెందిన ఎస్‌ఎఫ్‌టీపీకి 'బీ' అనే సూచికతో ఆదేశాల ఫైలును ఇస్తే, అరలోకి వెళ్ళలేకపోయినా, తుడవలేకపోయినా, ఫైలు పంపలేకపోయినా అది అక్కడే ఆగిపోతుంది. ఏదైనా ఒక ఆదేశం విఫలమైనా ఫరవాలేదనుకుంటే దాని ముందు ఒక అడ్డగీత ఉంచాలి. సమాచారనిధుల విషయంలోనూ ఈ తేడా ఉంది. గొట్టం ద్వారా ఆదేశాలు అందుకునేటప్పుడు మైసీక్వెల్ ప్రోగ్రాము మొదటి తప్పు దగ్గరే ఆగుతుంది. పోస్ట్‌గ్రెస్‌కు చెందిన పీసీక్వెల్ మనం ప్రత్యేకంగా చెబితే తప్ప ఆగదు. తప్పును ప్రకటించి ముందుకు పోతుంది. వాడే ప్రోగ్రాము స్వభావం ఏదో ముందే తెలుసుకొని ఉండాలి.

విని మాట్లాడే పద్ధతి

కొన్ని పనులు ఎంత జాగ్రత్తగా వ్రాసినా ఉత్తరంతో కావు. తరువాతి ఆదేశం ఏమిటన్నది వచ్చిన జవాబును బట్టి నిర్ణయించవలసినప్పుడు నిషిద్ధాక్షరి పద్ధతి అవసరం. అటూ ఇటూ రెండు గొట్టాలు తగిలిస్తే సరిపోతుందని తోస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఎదుట ఉన్నది తెర అని తెలిస్తే ప్రోగ్రాములు పంక్తి పంక్తికీ జవాబు వెలువరిస్తాయి. గొట్టమని తెలిస్తే పొదుపు కోసం కొన్ని వేల అక్షరాలు పోగయ్యేవరకు తమ దగ్గరే అట్టిపెట్టుకుంటాయి. మన స్క్రిప్టు జవాబు కోసం ఆగుతుంది. ప్రోగ్రాము తరువాతి ఆదేశం కోసం ఆగుతుంది. గుమ్మం దగ్గర 'తమరు ముందు దయచేయండి' అని ఒకరినొకరు మర్యాద చేసుకుంటూ ఇద్దరూ బయటే నిలబడిపోయినట్లవుతుంది. ఇక సంకేతపదం అడిగే ప్రోగ్రాములు చాలావరకు గొట్టాన్ని నమ్మవు. నేరుగా టెర్మినలునే తెరిచి అడుగుతాయి. అందువలన గొట్టంలో పోసిన సంకేతపదం వాటికి చేరదు.

ఈ చిక్కులకు 1990లో అమెరికా ప్రమాణాల సంస్థ అయిన నిస్ట్‌లో డాన్ లైబ్స్ ఒక పరిష్కారం చూపారు. దాని పేరు ఎక్స్‌పెక్ట్. బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్ సృష్టించిన టికిల్ అనే భాషపై అది నిర్మితమయింది. ఎక్స్‌పెక్ట్ అవతలి ప్రోగ్రాముకు గొట్టాన్ని కాక ఒక నకిలీ టెర్మినలును చూపుతుంది. తన ముందు మనిషే కూర్చున్నాడని ఆ ప్రోగ్రాము నమ్మి, మామూలుగా మాట్లాడుతుంది. ఇందులో ముఖ్యమైన క్రియలు మూడు: ప్రోగ్రామును మొదలుపెట్టడం, ఫలానా మాట వినిపించేవరకు ఆగడం, బదులు పంపడం. 250 వినిపిస్తే తుడవమని, 550 వినిపిస్తే ఆ సంవత్సరాన్ని వదిలి జాబితాలో వ్రాసుకొమ్మని చెప్పవచ్చు. నాకు ఆ రాత్రి కావలసినది అదే.

ఇందులోనూ ఒక గుంట ఉన్నది. ఎదురుచూసిన మాట రాకపోతే ఎక్స్‌పెక్ట్ మామూలుగా పది సెకండ్లు ఆగుతుంది. ఆ గడువు దాటితే ఏమి చేయాలో మనం వ్రాయకపోతే, అది నిశ్శబ్దంగా తరువాతి పంక్తికి సాగిపోతుంది. అంటే విని మాట్లాడే స్క్రిప్టు కూడా ఆ క్షణంలో చెవిటిదైపోతుంది. కనుక కోరిన జవాబుకు మాత్రమే కాక, వ్యతిరేక జవాబుకూ, మౌనానికీ కూడా ఏమి చేయాలో వ్రాయవలసి ఉంటుంది. సంకేతపదాన్ని స్క్రిప్టులో వ్రాసి ఉంచడం కూడా తగదు. ఆ ఫైలును చూడగలిగిన ప్రతివారికీ తాళంచెవి ఇచ్చినట్లే. ఎస్‌ఎస్‌హెచ్ తాళాల జంటను వాడుకుంటే ఆ అవసరమే రాదు.

వర్గమూలాలు తీయడానికి ఇంత ఆర్భాటం అక్కరలేదు. ఒక లెక్క తప్పినా మిగిలిన లెక్కలకు హాని లేదు; అక్కడ దత్తపదే సులభం, వేగం. తుడవడం, మార్చడం, డబ్బు జమకట్టడం వంటి, వెనుకకు తీసుకోలేని పనులలో స్క్రిప్టు వ్రాయడానికి ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ ఆదేశానికి 'కాదు' అని జవాబు వస్తే, దాని తరువాతి ఆదేశం ఏమి చేస్తుంది? నాలుగు ఆదేశాల పక్కన నాలుగు జవాబులు కాగితంమీద వ్రాసుకుంటే ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు ఆనాడు నేను వెచ్చించలేదు.

ఈ పుటలు చదువుతున్నవారిలో ఎవరి ఇంట్లోనైనా, పాత ఆల్బమ్‌లలో, సంవత్సరం తెలియని మన సంఘం ఫోటోలు ఇంకా ఉంటే దయచేసి ఒక నకలు పంపండి. ఈసారి వాటిని రెండు చోట్ల భద్రపరుస్తాను.